గళ్ల గౌను

"నొక్కాను," అన్నారు మా ఆయన.

"నొక్కలేదు," అన్నాను నేను.

పొద్దుటినుంచీ మా ఇద్దరి మధ్యా ఈ రెండు మాటలే అటూ ఇటూ తిరుగుతున్నాయి. మడమ మీద గుడ్డలో చుట్టి కట్టిన ఐసు కరిగి, మెట్ల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. ఎముక పక్కన వాపు నిమ్మకాయంత లేచింది.

"నొక్కితే కార్లు ఎందుకు ఆగలేదు?"

"నాకేం తెలుసు? నువ్వే తొందరపడి ముందు దిగుంటావు."

"నేను దిగేముందు మీవైపు చూశాను. మీరు తలూపారు. అప్పుడే దిగాను."

"తలూపాను, బటనూ నొక్కాను. రెండూ చేశాను. ఒట్టేసి చెప్పమంటావా?"

"ఒట్లు వద్దు. నా కాలు చూడండి చాలు."

మా మరిది కింది మెట్టు మీద కూర్చుని ఒక బొమ్మకారు చక్రానికి జిగురు రాస్తున్నాడు. రాసిన చోటే మళ్లీ రాస్తున్నాడు. మామూలుగా మేం పోట్లాడుకుంటే మధ్యలో దూరి ఏదో ఒక వెటకారం ఆడందే ఊరుకోడు. ఇవాళ తల కూడా ఎత్తలేదు.

మా ఆయనది వీడియో గేముల దుకాణం. మరిదికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ రిమోట్ కార్ల పిచ్చి. ఇద్దరి పిచ్చీ ఒక గిన్నెలో వేసి ఉడికిస్తే వచ్చింది ఈ ఆట. మేం పైన ఉంటాం. కింద ముందుగదిలో ఆరు సీట్లు, ఒక్కో సీటుకీ ఒక స్టీరింగు, ఒక తెర, చెవులు మూసేసే హెడ్‌ఫోన్లు. గోడకి అవతల పెద్ద హాలు. ఆ హాల్లో నిజం కార్లు తిరుగుతాయి. చంకన ఎత్తుకుంటే పసిబిడ్డంత ఉంటాయి గానీ, వదిలితే వీధిలో మోటారు సైకిలు పోయేంత జోరుగా పోతాయి.

కారు ముక్కు మీద కెమెరా ఉంటుంది. ఆడేవాళ్లు కార్లని చూడరు, కెమెరా చూసినదాన్నే చూస్తారు. అది కూడా ఉన్నదున్నట్టు కాదు. మా మరిది కంప్యూటరు దానికి వేషం వేసి పంపిస్తుంది. నేలమీది పాత టైరు తెరమీద కొండరాయి. చెక్కపలక వేలాడే వంతెన. నేను తుడవడం మర్చిపోయిన నీళ్లమరక ఒక నది.

ఆ హాల్లో వేషం లేనిదాన్ని నేనొక్కదాన్నే. కారు బోల్తా పడితే లోపలికి వెళ్లి తిప్పి నిలబెట్టడం నా పని. అందుకో నలుపు తెలుపు గళ్ల కోటు ఉంది. ఆ గళ్లు కనబడగానే కార్లన్నీ వాటంతటవే నత్తల్లా అయిపోవాలి. మొదటినుంచీ అదే పద్ధతి. ఈ మధ్య దానికి తోడుగా మరిది కౌంటర్ మీద ఒక ఎర్ర బటన్ పెట్టాడు. నేను దిగేముందు మా ఆయన దాన్ని నొక్కాలి.

ఇవాళ కోటు వేసుకునే దిగాను. కార్లు ఆగలేదు.

కానీ నేను ఎవరికీ చెప్పని మాట ఇంకొకటుంది. నన్ను భయపెట్టింది అవి ఆగకపోవడం కాదు. మలుపులో పక్కనుంచి పోవలసిన కారు, నన్ను చూసి నావైపు తిరిగింది.

*

పైనుంచి చిన్న అడుగుల చప్పుడు. మా పాప పిచ్చుక ఒక్కో మెట్టూ కూర్చుని జారుతూ దిగుతోంది. దానికి నాలుగేళ్లు. ఒంటిమీద గళ్ల గౌను.

పోయిన వారం అది హాల్లో దొరికినప్పటినుంచీ నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆట జరుగుతున్నప్పుడే ఎలాగో లోపలికి దూరింది. వెల్లకిలా పడ్డ కారుని ఒళ్లో పెట్టుకుని జోకొడుతూ కూర్చుంది. వెల్లకిలా పడ్డ కారు చక్రాలు గాల్లో తిరుగుతూ కీచుమంటాయి కదా, దానికది ఏడుపు. "అమ్మా, దానికి నొప్పి," అంది నన్ను చూసి. ఆ పూట నేను కోటు వేసుకుని ఉన్నాను కాబట్టి కార్లు నెమ్మదించాయి. బతికిపోయాం.

ఆ మర్నాడే హాలు తలుపుకి నా తలకన్నా ఎత్తులో గొళ్లెం పెట్టించాను. కోటు కుట్టగా మిగిలిన గుడ్డ తీసి పిల్లకి రెండు గౌన్లు కుట్టాను. ఒకటి ఉతికితే ఇంకొకటి. ఎప్పుడైనా నా కళ్లుగప్పి లోపలికి పోయినా, గళ్లు చూసి కార్లు ఆగుతాయి కదా. ఇంకో సంగతి కూడా నేర్పాను. అమ్మ గళ్ల కోటు ఎక్కడ కనబడితే అక్కడికి ఒక్క పరుగున వచ్చి అమ్మని పట్టుకోవాలి. ఆటలాగే నేర్పాను. వచ్చి పట్టుకున్నప్పుడల్లా ఎత్తుకుని గిరగిరా తిప్పేదాన్ని.

"పిల్లకి ఇంకో బట్టే లేనట్టు," అంటూ వెనకే దిగింది మా అత్తయ్య. "చదరంగం బల్లలా తిరుగుతోంది. ఎవరైనా పావులు తెచ్చి దీనిమీద పెట్టేస్తారు."

"పెట్టనివ్వండి అత్తయ్యా. ఒంటిమీద ఉంటే చాలు నాకు."

"ఇదేం భయమమ్మాయ్? పిల్లలు పడతారు, లేస్తారు. వీళ్లిద్దర్నీ నేను పెంచలేదా? వీడు మేడమీంచి పడ్డాడు," అంటూ మరిదిని చూపించింది. "చూడు, ఎలా ఉన్నాడో."

"అందుకే అలా ఉన్నాడు," అన్నారు మా ఆయన.

ఆ మాటకి మామూలుగా అందరం నవ్వేవాళ్లం. మరిది నవ్వలేదు. వాడి కళ్లు పిల్ల గౌను మీద ఒక్కసారి ఆగి, మళ్లీ చక్రం మీదికి దిగిపోయాయి.

పిచ్చుక వచ్చి నా మడమ మీద వేలుపెట్టి చూసింది.

"అమ్మా, నిన్ను కారు కరిచిందా?"

"కరవలేదమ్మా. తగిలింది."

"దాన్ని తిట్టకు. దానికి కనబడదు."

"కనబడుతుంది బంగారూ," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో అన్నాక నాకే ఒళ్లు జలదరించింది.

మా ఆయన లేచి చొక్కా సర్దుకున్నారు. "మధ్యాహ్నం ఆ ఆఫీసువాళ్లు వస్తున్నారు. హాలంతా వాళ్లకే. వాళ్లకి నచ్చితే ప్రతి నెలా వస్తామన్నారు. నువ్వు కాస్త కాలికి కట్టు కట్టుకుని..."

"నేను దిగను."

"ఏంటి?"

"కార్లు ఎందుకు ఆగలేదో తేలేదాకా నేను ఆ హాల్లోకి దిగను."

"మరి ఏదైనా బోల్తా పడితే?"

"పడుంటుంది."

"పడుంటుందా? ఆడేవాడు ఊరుకుంటాడా?"

"మీరు దిగండి. బటన్ నేను నొక్కుతాను. మీరు నొక్కినట్టే నొక్కుతాను."

ఆయన ముఖం మాడిపోయింది. "నీకు అర్థం కాదు. చెప్పినా అర్థం కాదు. తొమ్మిదో క్లాసుతో ఆపేసిన బుర్రకి..." అని అక్కడే ఆగిపోయారు.

అత్తయ్య పిల్లని ఎత్తుకుంది. "పదవే, మనం పడుకుందాం. వీళ్ల నోళ్లు అలిసిపోయాక లేద్దాం," అంటూ మెట్లెక్కింది.

పిచ్చుక ఆవిడ భుజం మీంచి నాకు చెయ్యి ఊపింది.

*

ఆఫీసువాళ్లు వచ్చేసరికి నేను కౌంటర్ పక్కన స్టూలు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. పని చెయ్యనని అన్నానే గానీ, పైన కూర్చోవడం నావల్ల కాలేదు. గళ్ల కోటు నా తల పక్కన మేకుకి వేలాడుతోంది.

ఆరుగురూ నవ్వుకుంటూ సీట్లలో ఇరుక్కున్నారు. బొజ్జ ఉన్నాయన్ని పక్కవాళ్లు "మేనేజరుగారూ, బెల్టు చాలదేమో," అని ఏడిపిస్తున్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక ఇక ఎవరి లోకం వాళ్లది. మైకుల్లో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు గానీ, బయటివాళ్లు ఎదురుగా నిలబడి అరిచినా వినబడదు.

తెరల మీద కొండలు, జలపాతాలు. గోడకి అవతల కార్ల రొద. అప్పుడప్పుడూ దారి మలుపులో ఒక బంగారు గేటు మెరిసేది. దాన్ని ఎవరో ఒకరు గుద్దుకుంటూ పోయేవారు. గలగలమని చప్పుడు, తెరంతా నాణేలు. పోయిన వారం దాకా ఈ గేట్లు లేవు. మరిది కొత్తగా పెట్టినవేమో అనుకున్నాను.

కాసేపటికి మొదటి సీటులో కుర్రాడు చేతులెత్తేశాడు. "అన్నా, నాది కప్పలా పడింది. ఎవరైనా లేపండి."

మా ఆయన నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను.

ఆయన ఒక అడుగు తలుపువైపు వేసి, బటన్ వైపు చూసి, వెనక్కి వచ్చారు. "ఈ ఆట అయిపోనివ్వు బాబూ, లేపుతాం," అన్నారు అతనికి సైగ చేస్తూ. నాతో మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

గోడకి అవతలనుంచి కీచుమంటూ చక్రాల చప్పుడు మొదలైంది. వెల్లకిలా పడ్డ కారు. ఆ చప్పుడు ఆగడం లేదు. మెట్ల మీదుగా పైదాకా వినబడుతుంది అది. నేనెప్పుడూ అంతసేపు ఏడవనివ్వలేదు.

కూర్చోలేక లేచి, కుంటుకుంటూ బయటికి వెళ్లాను. మరిది దుకాణం మెట్టు మీద ఒక్కడే ఉన్నాడు. చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది.

"నీతో ఒక మాట," అన్నాను.

"చెప్పు వదినా."

"పొద్దున ఆ కారు ఆగకపోవడం కాదు. నన్ను చూసి నామీదికి తిరిగింది."

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అన్నయ్యతో చెప్పావా?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తున్నాను."

వీధిలో పోతున్న సైకిలు కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "గళ్లు చూసి కార్లు నెమ్మదించే పద్ధతి తీసేశాను వదినా. ఒకడి కారు పడితే అందరివీ నత్తల్లా అయిపోతున్నాయని ఆడేవాళ్లు గోల. అందుకే కదా బటన్ పెట్టింది."

"తీసేస్తే నాకు చెప్పాలి కదా."

"చెప్తే నువ్వు ఒప్పుకోవు. పెద్ద గొడవ చేస్తావు."

"సరే, గొడవ చేస్తాను. మరి నామీదికెందుకు తిరిగింది?"

"గళ్లని గుర్తుపట్టడం కంప్యూటరుకి బాగా వచ్చింది. అంత కష్టపడి నేర్పింది ఊరికే పోగొట్టడం ఎందుకని..." గ్లాసుని పక్కకి జరిపాడు. "హాల్లో అక్కడక్కడా గళ్ల అట్టపెట్టెలు పెట్టాను. గళ్లు కనబడితే తెరమీద బంగారు గేటు అవుతుంది. ముందు గుద్దినవాడికి పాయింట్లు."

నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, వాపు మడమలోంచి నొప్పి కాస్తా గుండెదాకా పాకింది.

"అంటే పొద్దున నేను గేటునా?"

"నీకు వేరే రంగు కోటు కుట్టించాలని అన్నయ్యతో అందామనుకున్నా. బటన్ ఉంది కదా, కార్లు ఎలాగూ ఆగుతాయి కదా అని..."

"పిల్ల గౌను," అన్నాను.

వాడు పాలిపోయిన ముఖంతో నన్ను చూశాడు. పొద్దున మెట్ల మీద వాడి కళ్లు ఎక్కడ ఆగాయో నాకు ఇప్పుడు అర్థమైంది.

"పైన పడుకుని ఉంది. మీ అమ్మ దగ్గరే ఉంది. హాలు తలుపుకి గొళ్లెం ఉంది," అన్నాను. వాడికి కాదు, నాకు నేను చెప్పుకున్నాను.

"పోయిన వారం పిల్ల తలుపులోంచే వెళ్లిందా వదినా?"

"మరెక్కడనుంచి వెళ్తుంది?"

వాడు జవాబు చెప్పకముందే నాకు తట్టింది. మెట్ల కింద బ్యాటరీ గది. దానికీ హాలుకీ మధ్య గోడలో ఒక కన్నం. బ్యాటరీ మార్చుకోవడానికి కార్లు దాంట్లోంచే వచ్చి పోతాయి. రబ్బరు పట్టీల తెర, మోకాలెత్తు. పెద్దవాళ్లెవరం దాన్ని ఎప్పుడూ దారి అనుకోలేదు.

లోపల కీచుమనే చప్పుడు ఆగిపోయింది.

దాని వెంటే గట్టిగా ఒక నవ్వు. "ఒరేయ్, ఇటు చూడండ్రా. గేటు నడుస్తోంది."

*

తెరమీద జలపాతం పక్కన ఒక బంగారు గేటు. మిగతావాటికన్నా చిన్నది. అది అటూ ఇటూ ఊగుతోంది. వంగుతోంది, లేస్తోంది. దాని కాళ్ల దగ్గర పొగలు కక్కుతూ ఒక బోల్తాపడ్డ కారు.

పిల్ల ముఖం ఎక్కడా లేదు. గేటు మాత్రమే ఉంది.

"నడిచేదానికి పాయింట్లు రెట్టింపు ఉంటాయి చూడు," అంటున్నాడు మేనేజరు, స్టీరింగు తిప్పుతూ.

నేను బటన్ నొక్కాను. అరచేత్తో కొట్టాను. మళ్లీ కొట్టాను. తెరలమీద కొండలు పరిగెడుతూనే ఉన్నాయి.

"పొద్దున కూడా ఇలాగే నొక్కాను," అన్నారు మా ఆయన. ఆయనకింకా ఏమీ తెలీదు. "చెప్తే నమ్మావు కాదు."

గుమ్మం దగ్గర మరిది గొంతు. "అన్నయ్యా, దానికి ఇంకా వైరు కలపలేదు. ఇవాళో రేపో కలుపుదామని..."

ఆయన తమ్ముడి వైపు తిరిగారు. నేను తెరవైపు వేలు చూపించాను. "అది పిచ్చుక," అన్నాను. "ఆ గేటు మన పిచ్చుక."

నా గొంతు అంత మెల్లగా ఎలా వచ్చిందో నాకు తెలీదు.

"కరెంటు తీసెయ్యి," అన్నారు ఆయన.

"వద్దన్నయ్యా. సిగ్నల్ తెగితే కార్లు ఉన్న జోరుతోనే పోతాయి. తిప్పేవాళ్లు కూడా ఉండరు."

ఆయన ఒక్క అంగలో మొదటి సీటు దగ్గరికి వెళ్లి మనిషి తలమీంచి హెడ్‌ఫోన్లు లాగేశారు. అతను ఆటలో భాగమనుకుని నవ్వుతున్నాడు. మరిది రెండో సీటుకి పరిగెత్తాడు. ఇంకా నలుగురున్నారు. నలుగురి తెరలమీదా ఆ చిన్న గేటు పెద్దదవుతోంది.

నా తల పక్కన కోటు వేలాడుతోంది.

ఆలోచించానని చెప్పను. గేటు కావాలి వాళ్లకి. పిల్ల గౌను మూరెడు గుడ్డ. నా కోటు దానికి నాలుగింతలు. మేకుమీంచి లాక్కుని తలుపు దగ్గరికి పరిగెత్తాను. నేనే బిగించమన్న గొళ్లెం, నేనే ఎత్తులో పెట్టమన్న గొళ్లెం, మునివేళ్లమీద లేస్తే వాచిన కాలు నిలబడనివ్వలేదు. రెండోసారి ఎగిరి లాగాను.

లోపల కొండల్లేవు, జలపాతాల్లేవు. నల్లరంగు వేసిన నేల, టైర్లు, దుమ్ము. అవతలి మలుపులో మా పిచ్చుక గొంతుక్కూర్చుని ఉంది. కారుని ఎలాగో తిప్పి నిలబెట్టింది, దాని వీపు నిమురుతోంది. నేను రానందుకు నా పని అది చేస్తోంది. నాలుగు కార్లు పొడుగాటి దారి చివర మలుపు తిరిగి, వరసగా దానివైపే వస్తున్నాయి.

నేను పిల్లకి దూరంగా ఎడమవైపు గోడదాకా కుంటుతూ పరిగెత్తాను. కోటు విప్పి, రెండు చేతులతో తలపైకెత్తి, దులిపినట్టు ఊపాను.

ముందు కారు ముక్కు కొంచెం కదిలింది. తర్వాత పూర్తిగా నావైపు తిరిగింది. దాని వెనకది కూడా. మూడోది. నాలుగోది.

రండి, అనుకున్నాను. ఇటే రండి. రెండు కాళ్లూ విరగ్గొట్టుకుని పోండి.

అప్పుడు పిచ్చుక తలెత్తింది.

నన్ను చూడలేదు. కోటు చూసింది. దాని ముఖం వెలిగిపోయింది. కారు మీంచి జాగ్రత్తగా చెయ్యి తీసింది.

"అక్కడే ఉండు," అని అరిచాను. "రావద్దమ్మా, అక్కడే ఉండు."

కార్ల రొదలో అది దానికి వినబడలేదు. వినబడినా, నేను దానికి నేర్పింది అది కాదు. గళ్ల గౌను రెపరెపలాడుతుంటే, గిరగిరా తిప్పడానికి రెండు చేతులూ చాచుకుని, నాకూ ఆ కార్లకీ మధ్యలోంచి నావైపు పరుగు మొదలుపెట్టింది.